లేజర్ పెట్టె విప్పే ముందు ఇది చదువు, అమ్మలూ

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు 10 వాట్ల లేజర్ ఎన్‌గ్రేవింగ్ మెషిన్ ఆర్డర్ పెట్టావట, ముందు గదిలో బల్ల వేసుకుని కొమ్ము దువ్వెనల మీద, కీచైన్ల మీద పేర్లు చెక్కి అమ్ముతావట. పర్లాకిమిడి కొమ్ము పనికి ఇంత పేరుంది కదా, మన పిల్లల్లో ఒక్కరైనా దాని దగ్గర నిలబడతారా అని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. విని పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది, తెల్లారేదాకా నిద్ర లేదు. ఎందుకో కింద చెప్తాను.

ముందు చిన్న సంగతులు. పెట్టె మీద 40 వాట్లు అని ఉంటే అది మెషిన్ తీసుకునే కరెంటు లెక్క, బయటికొచ్చే వెలుగు లెక్క కాదు, రెండోది అడిగి తెలుసుకో. పారదర్శకంగా ఉండే యాక్రిలిక్ దీనితో తెగదు, నీలం వెలుగు అందులోంచి దాటిపోతుంది. పీవీసీ మీద పెట్టొద్దు, కాలితే ఆమ్లం ఆవిరి వస్తుంది, ఊపిరితిత్తులూ పోతాయి, మెషినూ తుప్పు పడుతుంది. కొమ్ము కాలితే జుట్టు కాలిన వాసనే వస్తుంది, రెండూ ఒకటే పదార్థం కాబట్టి. ఆ పొగ వీధిలోకి పోయేలా ఫ్యానూ గొట్టమూ పెట్టించుకో. లెన్స్ రోజూ తుడువు.

ఇక డయోడ్, అంటే మెషిన్‌లో లేజర్ వెలుగు పుట్టించే ముక్క. దీన్ని తెలుసుకోకుండా స్విచ్ వేయొద్దని నా కోరిక.

బియ్యపు గింజ కంటే చిన్న స్ఫటికం ముక్క అది. రెండు రకాల అర్ధవాహక పొరల మధ్య సన్నటి పొర ఒకటి ఉంటుంది. కరెంటు పంపితే ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు, రెండోవైపు నుంచి వాటి ఖాళీలు వచ్చి అక్కడ కలుస్తాయి, కలిసిన ప్రతిసారీ ఒక వెలుగు రేణువు పుడుతుంది. ఇంతవరకూ మామూలు ఎల్ఈడీయే, జాతరలో జనం అరుపుల్లా ఎవరి గొంతు వాళ్ళది. లేజర్‌లో ఆ స్ఫటికం రెండు కొసలూ అద్దంలా నున్నగా విరిచి ఉంటాయి. అక్కడికి వెళ్ళిన వెలుగులో మూడో వంతు దాకా వెనక్కి తిరుగుతుంది. తిరిగి వస్తూ దారిలో ఉన్న ఎలక్ట్రాన్‌ని తాకితే అదీ అచ్చం అలాంటి రేణువునే వదులుతుంది, అదే రంగు, అదే దిక్కు, అదే అడుగు. మన తప్పెటగుళ్ళు చూశావు కదా, ఒకడి అడుగు పట్టి పదిహేను మందీ ఒకే దరువులోకి వచ్చేస్తారు, అలాగన్నమాట. అయితే కరెంటు ఒక గీత దాటాకే ఇది జరుగుతుంది. ఆ గీతని థ్రెషోల్డ్ అంటారు. దానికి కింద ఉంటే ఎల్ఈడీ, పైకి వెళ్తే లేజర్. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకో, నా కథంతా దాని మీదే ఉంది.

రకాలు చాలా ఉన్నాయి. నీ మెషిన్‌లోది పక్క అంచు నుంచి వెలుగు చిమ్మేది, 450 నానోమీటర్ల నీలం, గాలియం నైట్రైడ్‌తో చేసింది. నానోమీటర్లంటే వెలుగు అల పొడవు లెక్క, రంగు దాన్నిబట్టే ఉంటుంది. మన వీధి ఫైబర్ కేబుల్లో పరిగెత్తేది కంటికి కనబడని వెలుగు, 1310 నుంచి 1550 నానోమీటర్ల దాకా ఉంటుంది. దూరం వెళ్ళే లైన్ల కోసం డయోడ్ లోపలే సన్నటి గీతల వరస చెక్కి ఒక్క రంగే నిలిచేలా చేస్తారు, దాన్ని డీఎఫ్‌బీ అంటారు. ఫోన్‌లో ముఖం గుర్తుపట్టే దానిలో ఉండేది వీసెల్, వెలుగు పక్కకి కాకుండా పైకి వస్తుంది, 1977లో జపాన్‌లో కెనిచి ఇగా అనే ఆయనకి వచ్చిన ఆలోచన అది. సీడీకి 780, డీవీడీకి 650, బ్లూ-రేకి 405.

నన్ను దెబ్బ తీసింది ఆ 780.

గుణుపూర్‌లో నా షాపు నీకు లీలగా గుర్తుండొచ్చు. వందల సీడీ ప్లేయర్లు బాగుచేశాను. వాటి లెన్స్‌లో వెలుగు మసక ఎర్రగా, ఆరిపోబోయే అగరబత్తి కొసలా కనబడుతుంది. చదివే డయోడ్ నుంచి డిస్క్ మీద పడేది ఒక మిల్లీవాట్ లోపే కాబట్టి ఏళ్ళ తరబడి పక్క నుంచి తొంగి చూసినా ఏమీ కాలేదు. దాంతో ధైర్యం వచ్చేసింది. 2006లో పాడైన సీడీ రైటర్లు రెండు దొరికితే వాటి డయోడ్లు పీకాను, నల్ల కాగితం కాల్చి చూద్దామని. రాసే డయోడ్ చదివేదానికంటే ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది. మొదటిదాన్ని అడాప్టర్‌కి ఒక రెసిస్టర్ పెట్టి కలిపాను, వైరు వదులుగా ఉండి ఒక్క క్షణం కరెంటు ఎగిరింది. అంతే, దాని అద్దపు కొస మాడిపోయింది. అలా పోయిన డయోడ్ పూర్తిగా ఆరదు, ఎల్ఈడీలా మసకగా వెలుగుతూనే ఉంటుంది, కాగితం మాత్రం కాలదు.

రెండోది జాగ్రత్తగా కలిపాను. అదీ అలాగే మసక ఎర్రగా కనబడింది. అయ్యో, ఇదీ పోయిందే అనుకున్నాను. కాగితం ముందు పెట్టి చూడొచ్చు, మల్టీమీటర్ పెట్టొచ్చు, ఏదీ చేయలేదు. దాని కొస బాగుందో లేదో చూద్దామని లెన్స్‌తో సహా ఎత్తి, జానెడు దూరంలో కుడికంటి ముందు పెట్టుకున్నాను.

అది పోలేదమ్మా. లేజర్ నిక్షేపంగా పనిచేస్తోంది. 780 నానోమీటర్ల వెలుగు మన కంటికి దాదాపు ఆనదు కాబట్టి మసకగా కనబడింది. మసకగా ఉంది కాబట్టి రెప్ప కూడా పడలేదు. కంట్లో లెన్స్ ఆ కిరణాన్ని రెటీనా, అంటే కంటి వెనక తెర మీద సూది మొనంత చోటికి, లక్ష రెట్లు చిక్కగా పోగుచేస్తుంది. నొప్పి అనిపించలేదు, రెటీనాకి నొప్పి తెలియదు. కాసేపటికి ఎదురుగా గోడ మీది క్యాలెండర్ చూస్తే తేదీ ఉండాల్సిన చోట బూడిదరంగు మరక. కళ్ళు కడుక్కుని, మళ్ళీ చూశాను. మరక అక్కడే ఉంది.

మూడు రోజులు మీ అత్తకి చెప్పలేదు. అప్పటికి చిన్న రైలు ఆపేసి పెద్ద లైను వేస్తున్నారు, బస్సులోనే పడి విశాఖ వెళ్ళాను. మచ్చ చూపు మధ్యలోనే పడిందని, ఆపరేషన్‌తో పోయేది కాదని డాక్టర్ చెప్పారు. ఈ రోజుకీ ఎడమ కన్ను మూసి నీ మొహం చూస్తే చెవులూ జడా కనబడతాయి, ముక్కూ కళ్ళూ ఉండవు. మీ అమ్మకి వయసు వల్ల చూపు తగ్గిందని చెప్పాను. ఇన్నేళ్ళ తర్వాత నీకే నిజం రాస్తున్నాను, నువ్వే చెప్పు దానికి.

నీ నీలం లేజర్ కనబడేదే కదా మావయ్యా అంటావు. కనబడుతుంది కానీ నీలం కూడా కంటికి తన పూర్తి బలం చూపించదు, అదే బలమున్న ఆకుపచ్చ దానికంటే ఎంతో తక్కువగా తోస్తుంది. పైగా నాది మిల్లీవాట్లలో ఉంది, నీది పది వాట్లు. రెప్ప పడేలోపే పని అయిపోతుంది. సూటిగా చూడక్కర్లేదు, పాలిష్ పట్టిన కొమ్ము మీంచో, బల్ల మీద మరిచిపోయిన స్టీలు గ్లాసు మీంచో తిరిగొచ్చినది చాలు. మెషిన్‌తో ఇచ్చే కళ్ళద్దాలని నమ్మకు. అద్దం మీద అంకెలు అచ్చయి ఉండాలి. 450 ఆ పరిధిలో పడాలి, పక్కన ఓడీ, అంటే వెలుగుని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, 5 కానీ పైన కానీ ఉండాలి, 5 అంటే లక్షలో ఒక వంతు వెలుగే లోపలికి వస్తుంది. అంకెలు లేని రంగుటద్దం వద్దే వద్దు.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. 1962లో అమెరికాలో రాబర్ట్ హాల్ చేసిన మొదటి డయోడ్ లేజర్ ద్రవ నైట్రోజన్ చలిలోనే, అదీ ఉండుండి మెరుపుల్లా వెలిగింది. మామూలు గది వేడిలో ఆగకుండా వెలగడానికి 1970 దాకా పట్టింది, ఆ పొరల అమరిక ఆలోచించిన అల్ఫెరోవ్, క్రోమర్‌లకి 2000లో నోబెల్ ఇచ్చారు. ఇప్పటికీ వేడెక్కితే థ్రెషోల్డ్ పైకి పోతుంది, వెలుగు తగ్గుతుంది. నువ్వు అక్షరం సరిగా పడలేదని కరెంటు పెంచుతావు, డయోడ్ చస్తుంది. మే నెలలో మీ ముందు గది ఎలా ఉంటుందో నాకు తెలుసు. పొద్దున్నే పని చేసుకో, మధ్యాహ్నం ఆపెయ్.

పండుగాడు ఉన్నాడని నా అసలు దిగులు. ఎనిమిదేళ్ళవాడు, అక్క ఏం చేస్తోందో చూడాలని తలుపు తోసుకుని వచ్చేస్తాడు. నువ్వు అద్దాలు పెట్టుకునే ఉంటావు, వాడు ఉత్త కళ్ళతో వస్తాడు. మెషిన్ చుట్టూ మూత పెట్టె కట్టాలి. మూత తీస్తే లేజర్ ఆరిపోయే స్విచ్ నేను అమర్చి ఇస్తాను, ఆ సోల్డరింగ్‌కి ఎడమ కన్ను సరిపోతుంది.

ఆదివారం ప్యాసింజర్‌కి వస్తున్నాను. పార్సిల్ ముందే వస్తే విప్పకుండా బీరువా మీద పెట్టు. ముందు గది తలుపుకి లోపల గడియ ఉందో లేదో మాత్రం ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పమ్మా, లేకపోతే ఇక్కడ కొని పట్టుకొస్తాను.

మీ మావయ్య
గుణుపూర్