‘తప్పయింది’ అనే ముందు ఆ ఆర్డరు కాగితం చూడు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నరసన్నపేట దగ్గర నిన్ను ఆపారని, లైసెన్సు సస్పెన్షన్‌లో ఉండగా బండి నడిపావని కేసు కట్టారని మీ అమ్మ చెప్పింది. కోర్టుకెళ్లి తప్పయిందని ఒప్పేసుకుని, డబ్బు కట్టేసి, బండి తెచ్చేసుకుంటానన్నావట. ఆ పని మాత్రం ఇప్పుడే చెయ్యకు. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

వకీలు గుమాస్తాగా శ్రీకాకుళం కోర్టు వరండాల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. ట్రాఫిక్ కేసులున్న రోజున హాలు నిండిపోతుంది. అటెండరు పేరు పిలుస్తాడు, కుర్రాడు బోనెక్కుతాడు. మీద పెట్టిన నేరమేమిటో చదివి వినిపించి, ఒప్పుకుంటున్నావా అని అడుగుతారు. ‘ఒప్పుకుంటున్నానండి’ అంటాడు. నిమిషంలో అయిపోతుంది. హెల్మెట్ కేసుకి అది చెల్లుతుందేమో గానీ నీది ఆ రకం కాదు. మోటారు వాహనాల చట్టం 182 సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడతాయి. పైగా శిక్ష పడితే, 20వ సెక్షన్ కింద మరికొంత కాలం లైసెన్సుకి అనర్హుడివని కోర్టే చెప్పొచ్చు. స్టీరింగు పట్టుకుంటేనే ఇల్లు గడిచే నీలాంటివాడికి జరిమానా కంటే అదే పెద్ద దెబ్బ.

అసలు నీ మీద కేసు నిలబడాలంటే ఏం కావాలి? అధికారం ఉన్నవాళ్లు నిన్ను కొంతకాలం లైసెన్సుకి అనర్హుడిగా చేస్తూ (మనం సస్పెన్షన్ అనేది దీన్నే) ఇచ్చిన ఆర్డరు ఒకటుండాలి. నిన్ను ఆపిన రోజుకి అది అమల్లో ఉండాలి. ఆ ఆర్డరు వర్తించే రకం బండినే నువ్వు పబ్లిక్ రోడ్డు మీద నడిపి ఉండాలి. నడిపావు, అందులో దాపరికం లేదు. మిగతావన్నీ ఆ ఆర్డరు కాగితంలోనే ఉన్నాయి, దాన్ని నువ్వింతవరకూ కళ్లతో చూడలేదు. చూడకుండా ఏమని ఒప్పుకుంటావు?

మొదట ఒకటి తేల్చుకో. పలాస దగ్గర జీడిపిక్కల బస్తాల మీద కూలి ఆడవాళ్లని ఎక్కించుకున్నావని లైసెన్సు తీసుకున్నారు కదా, ఆ రోజు నీకేమైనా రసీదు ఇచ్చారా? పోలీసులు లైసెన్సు తీసుకోవడం వేరు, సస్పెండ్ అవడం వేరు. 206వ సెక్షన్ ప్రకారం లైసెన్సు స్వాధీనం చేసుకున్నవాళ్లు తాత్కాలిక రసీదు ఇవ్వాలి. లైసెన్సు తిరిగి వచ్చేదాకా గానీ, రసీదులో వేసిన తేదీ దాకా గానీ, ఏది ముందైతే అప్పటిదాకా ఆ రసీదు మీద బండి నడపొచ్చు. సస్పెండ్ చేసే అధికారం లైసెన్సు ఇచ్చే అధికారిది, అంటే మనవైపు ఆర్టీవో ఆఫీసుది. పోలీసులు లైసెన్సు పట్టుకుని అక్కడికి పంపగలరే తప్ప సస్పెండ్ చెయ్యలేరని కలకత్తా హైకోర్టు 2022లో స్పష్టంగా చెప్పింది. ఆ రసీదు ఇంట్లో ఎక్కడైనా ఉందేమో వెతుకు. డాష్‌బోర్డులో ఇన్సూరెన్సు కాగితాల మధ్య కూడా చూడు.

ఆ తప్పుకి సస్పెన్షన్ అన్యాయమేమీ కాదు, అది ముందే చెప్తున్నాను. గూడ్స్ బండిలో మనుషుల్ని ఎక్కిస్తే కనీసం మూడు నెలలు సస్పెండ్ చెయ్యాలని సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకి చెప్పింది. ఆ ఆడవాళ్లకేదైనా జరిగుంటే మనం జన్మలో తేరుకోలేం. అయినా చట్టం నీకో హక్కిచ్చింది. 19వ సెక్షన్ ప్రకారం సస్పెండ్ చేసే ముందు నీ సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అంటే నోటీసు రావాలి, జవాబుకి వీలుండాలి, తర్వాతే ఆర్డరు.

నీ కేసంతా ఇక్కడే ఉంది. అప్పటికి మీరు గాజువాక వచ్చేశారు, కవిటిలో ఇంటికి తాళం. లైసెన్సు మీద అడ్రసు మాత్రం కవిటిదే. నోటీసు రిజిస్టరు పోస్టులో అక్కడికే వెళ్లి ఉంటుంది. అలాంటి కవర్లు ఆఫీసు ఫైళ్లలో చాలా చూశాను. పోస్ట్‌మ్యాన్ వెళ్లిన తేదీలు వెనకవైపు పెన్నుతో వేసి, ‘ఇంటికి తాళం’ అని రాసి, సంతకం పెట్టి తిప్పి పంపేస్తాడు. ఎకనాలెడ్జిమెంటు కార్డు కవరుకి అతుక్కుని అలాగే ఉంటుంది, దాని మీద ఎవరి సంతకమూ ఉండదు. మన ఉద్దానంలో వలస వెళ్లిన ఎన్ని ఇళ్లకి ఇలాంటి కవర్లు వచ్చి వెనక్కి పోయాయో!

అయితే కవరు తిరిగొచ్చింది కాబట్టి గెలిచేశామనుకోకు. సరైన అడ్రసుకి రిజిస్టరు పోస్టులో పంపితే అందినట్టే భావించాలని జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెప్తుంది. అందలేదని నిరూపించుకునే భారం మనదవుతుంది. 182 సెక్షన్‌లో ‘తెలిసి’ అన్న మాట లేదు కాబట్టి, నాకు తెలియదన్న ఒక్క మాటతో బయటపడతావని కూడా నేను చెప్పను. కానీ నోటీసు లేదు, విచారణ లేదు, ఆర్డరు చేతికి రాలేదు అన్నవి మూడూ కాగితాలతో చూపిస్తే ఆ వాదనకి బలముంటుంది. అందుకని గాజువాకలో ఇంటి అద్దె కాగితం, గ్యాసు బుక్కు, పిల్లాడి స్కూలు ఫీజు రసీదులు, ఆ నెలల్లో నువ్వక్కడే ఉన్నావని చూపించేవి ఏవున్నా పోగుచెయ్యి.

రేపే ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి నోటీసు కాపీ, ఆర్డరు కాపీ, అవి పంపిన డిస్పాచ్ రిజిస్టరు నకలు కావాలని సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. ఫీజు పది రూపాయలు. జవాబుకి వాళ్లకి ముప్ఫై రోజుల గడువుంటుంది, ఈలోగా వాయిదా వచ్చెయ్యొచ్చు. అలా వస్తే ఆ రికార్డు తెప్పించమని మీ ప్లీడరు నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద కోర్టులో పిటిషను వేస్తారు. ఆర్డరు కాపీ నీ చేతికొచ్చిన రోజు తేదీ దాని మీదే రాసి పెట్టుకో. ఆర్డరు మీద అప్పీలుకి ముప్ఫై రోజులుంటుంది, అది కాపీ అందిన రోజు నుంచి లెక్క.

కాపీ వచ్చాక తేదీలు చూడు. సస్పెన్షన్ ఏ రోజు మొదలైంది, ఏ రోజుకి ముగిసింది, నిన్ను ఆపింది ఎప్పుడు? పోలీసు మిషన్లో ‘సస్పెండెడ్’ అని కనిపించినంత మాత్రాన ఆ రోజుకి ఆర్డరు అమల్లో ఉన్నట్టు కాదు. గడువయ్యాక లైసెన్సు తిరిగివ్వాలంటే రిఫ్రెషర్ శిక్షణ పూర్తిచెయ్యాలన్న షరతు 2019 సవరణతో చట్టంలోకి వచ్చింది. శిక్షణ తీసుకోలేదు కాబట్టి ఇంకా అనర్హుడివేనని అవతలివాళ్లంటారు. ఆర్డరులో వేసిన గడువు దాటాక 182 ఎలా వర్తిస్తుందని మనం అడగొచ్చు. వాదించదగ్గ పాయింటే. అలాగే ఆర్డరు అన్ని రకాల బండ్లకా, కొన్నింటికేనా అన్నదీ చూసుకో. లైసెన్సు గడువు తీరి రెన్యువల్ కాకపోవడం ఒక్కటే అసలు సంగతైతే, అది 181 సెక్షన్. దానికి జరిమానా అయిదు వేలు.

ఇక మీ పెద్దనాన్న చెప్పిన సలహా విన్నాను. అమ్మకి గుండెల్లో నొప్పి వస్తే రిమ్స్‌కి తీసుకెళ్తున్నానని చెప్పమన్నాడట. వద్దు నాయనా. ప్రాణం మీదకొస్తే చట్టం కొంత కనికరిస్తుంది, నిజమే. కానీ వెనక జీడిపిక్కల బస్తాలున్నాయి, 108కి నువ్వు చేసిన కాల్ లేదు. బండి తమ్ముడు నడిపాడనీ చెప్పకు. వాణ్ణి కూడా బోనెక్కించినట్టవుతుంది. నీ దగ్గర చెప్పుకోదగ్గ నిజాలే ఉన్నాయి, ఒక్క అబద్ధం బయటపడితే వాటినీ ఎవరూ నమ్మరు.

బండి షావుకారు నిన్ను తొందరపెడుతున్నాడు కదా, ఎందుకో ఆలోచించు. అర్హత లేనివాడికి తెలిసి బండిచ్చిన ఓనరు మీదా 180 సెక్షన్ ఉంది. నువ్వు గబగబా ఒప్పుకుంటే బండి త్వరగా వస్తుందని ఆయన ఆశ. బండి విడుదలకి నువ్వు నేరం ఒప్పుకోనక్కర్లేదు. ఆర్సీ, ఇన్సూరెన్సు, పర్మిటు పట్టుకుని 207 సెక్షన్ కింద ఓనరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆయన పెట్టిన ప్లీడరునే నువ్వూ పెట్టుకోకు. మీ ఇద్దరి మేలూ ఈ కేసులో ఒకటి కాదు.

ఒకవేళ అన్నీ చూశాక నోటీసు నీకు అందిందని, గడువు లోపలే నడిపావని తేలితే? అప్పుడు పెనుగులాడొద్దు. ఇది రాజీకి వీలున్న నేరమే, 200 సెక్షన్ కింద డబ్బు కట్టి ముగించుకునే దారి ఉందేమో ప్లీడరుని అడగమను. లోక్ అదాలత్‌లో పెట్టించొచ్చేమో కూడా కనుక్కోమను. అలా ముగించుకున్నా రిఫ్రెషర్ శిక్షణ తప్పదు, మళ్లీ పట్టుబడితే దీన్ని పాత నేరంగా లెక్కలోకి తీసుకుంటారు. కోర్టులోనే ఒప్పుకోవాల్సి వస్తే ప్లీడరు పక్కనుండగా ఒప్పుకో. జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టమని, కుటుంబం నీ మీదే ఆధారపడి ఉందని ఆయన చెప్తారు. ఆ నాలుగు మాటలకి విలువుంటుంది.

ఈలోగా స్టీరింగు ముట్టుకోవద్దు. పక్క ఊరికే కదా, పొద్దున్నే కదా అని కూడా వద్దు. సస్పెన్షన్‌లో ఉన్నవాడు నడుపుతుండగా ప్రమాదమైతే ఇన్సూరెన్సు కంపెనీ అడ్డం తిరగడానికి చట్టమే వీలిచ్చింది. బాధితుడికి కంపెనీ చేత కట్టించినా, ఆ సొమ్ము తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెప్తాయి. లక్షల్లో ఉంటుంది.

ప్లీడరు ఫీజు గురించి దిగులుపడకు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఆదాయం తక్కువున్నవాళ్లకి ఉచితంగా ప్లీడరుని ఇస్తారు. ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, పోలీసులిచ్చిన కాగితం పట్టుకెళ్లు. వెళ్లేముందు వాళ్ల ఉచిత న్యాయసాయం నంబరు 15100కి ఫోన్ చేసి అడుగు. సమన్లు రాగానే తేదీ నాకు చెప్పు. వాయిదాకి రాలేని పరిస్థితి వస్తే ముందురోజే ప్లీడరుకి చెప్పి గైర్హాజరు పిటిషను వేయించుకో, లేకపోతే వారంటు వస్తుంది. మొదటి వాయిదాకి నేనూ వస్తాను. పదింటికల్లా కోర్టు గేటు దగ్గరుండు, కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టుకుని, జిరాక్సులు రెండేసి తీయించి తీసుకురా.

ఇట్లు,
మీ మావయ్య