క్రిమిసంహారక ద్రావణంలో ముంచితే పళ్ల ఇంప్రెషన్ కొలత మారుతుందా?

హైపోక్లోరైట్ (బ్లీచ్ లాంటి క్రిమిసంహారక ద్రావణం) తగిలితే ఆల్జినేట్ ఇంప్రెషన్ (మెత్తటి జెల్ పదార్థంతో తీసిన పళ్ల అచ్చు) పాడవుతుందని విన్నానని, కుళాయి కింద కడిగితే చాలదా అని అడిగారు. దయచేసి కడిగి ఊరుకోకండి. నీటితో లాలాజలం, రక్తం పోతాయి కానీ, హెపటైటిస్-బి వైరస్ కూడా పోయిందని నమ్మలేం. ఇంప్రెషన్ ఉన్న ఆ ట్రేను తరువాత చేతిలోకి తీసుకునేది ల్యాబ్ టెక్నీషియన్.

కొలత మారడం మాత్రం నిజమే, నేను అనుభవించాను. క్లినిక్ పెట్టిన కొత్తలో, ఒక పెద్దాయనకు పాక్షిక కట్టుడు పళ్ల కోసం తీసిన ఆల్జినేట్‌ను ద్రావణంలో వేసి, పన్ను నొప్పితో వచ్చిన మరో పేషెంట్‌ను చూడటానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గంట దాటింది. చూపుకు ఏ తేడా కనిపించలేదు. పళ్ల సెట్టు కాస్ట్ (ఇంప్రెషన్‌లో పోసి చేసిన పళ్ల నమూనా) మీద చక్కగా కూర్చుంది, నోట్లో మాత్రం ఊగింది. ఆయన మళ్లీ కొలతకు ఊరి నుంచి రావలసి వచ్చింది. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఆల్జినేట్‌లో ఎక్కువ భాగం నీరే. ద్రావణంలో నానితే నీరు పీల్చి ఉబ్బుతుంది, గాలికి వదిలేస్తే ఆరి కుంచించుకుపోతుంది. అందుకే ఇప్పుడు నోట్లోంచి తీయగానే కడిగి, నీరు దులిపి, 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్‌ను అన్ని వైపులా తడిసేలా చల్లి, మూసిన ప్లాస్టిక్ సంచిలో 10 నిమిషాలు ఉంచుతాను. టైమర్ పెట్టనిదే పక్కకు వెళ్లను. తరువాత మళ్లీ బాగా కడిగి వెంటనే స్టోన్ (కాస్ట్ చేసే గట్టి జిప్సం) పోస్తాను. ఈ రెండో కడుగు చాలామంది వదిలేస్తారు. మిగిలిన ద్రావణం వల్ల కాస్ట్ ఉపరితలం సుద్దలా రాలవచ్చు. ద్రావణానికి 5 శాతం హైపోక్లోరైట్ ఒక వంతు, నీరు తొమ్మిది వంతులు. నిలవ ఉంటే బలం తగ్గుతుంది కనుక ఏ రోజుకు ఆ రోజే కలపండి.

రబ్బరులాంటి మరో ఇంప్రెషన్ పదార్థమైన అడిషన్ సిలికాన్‌తో ఇంత బెంగ లేదు, తయారీదారు చెప్పిన సమయం మేరకు నిశ్చింతగా ముంచవచ్చు. అదే కోవకు చెందిన పాలీఈథర్‌తో జాగ్రత్త: అదీ నీరు పీలుస్తుంది, 10 నిమిషాలు దాటనివ్వకండి, తడి ఆల్జినేట్‌తో ఒకే సంచిలో పెట్టకండి. ల్యాబ్‌కు పంపేటప్పుడు ఏ ద్రావణం వాడారో, ఎంతసేపు ఉంచారో చీటీ రాసి జతచేయండి. చీటీ లేకపోతే వాళ్లు మరోసారి ముంచుతారు.