ఇంతకీ ఆ ‘మనం’ ఎవరండీ?

వాతావరణ మార్పును మానవ హక్కుల కోణంలో చర్చించేటప్పుడు, ఎవరూ పైకి అనకుండా ముందే ఒప్పేసుకునే విషయాలేమిటని అడిగారు. పెద్ద జాబితా ఇవ్వగలిగినవాళ్లు వేరే ఉంటారు. నా కంట్లో పడ్డది మాత్రం ఒక్క మాట, ‘మనం’.

అనువాదాలు చేసుకుని బతికేదాన్ని. ఒకసారి శిక్షణ తరగతుల కోసం పన్నెండు పేజీల ఇంగ్లిష్ బుక్‌లెట్ ఇచ్చారు. మొదటి పేజీలోనే భూమిని వేడెక్కించింది ‘వుయ్’, త్యాగాలు చేయాల్సింది ‘వుయ్’, బతికే హక్కు కావాలంటున్నదీ ‘వుయ్’. ఇంగ్లిష్‌కి ఆ ఒక్క మాటతో గడిచిపోతుంది. మనకలా కుదరదు కదా! వినేవాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. మొదటి వాక్యం దగ్గరే గంటసేపు కూర్చున్నా. ‘మనం’ అని రాస్తే తరాల తరబడి బొగ్గు తగలేసిన దేశమూ, ఉప్పునీళ్లు ఇంట్లోకొచ్చిన దీవీ ఒకే బోనులో నిలబడతాయి. ‘మేము’ అంటే రాసినవాళ్లు తప్పు ఒప్పుకున్నట్టు. మూడో వాక్యంలో ‘మేము’ పడిందా, ఎవరు ఎవర్ని నిలదీస్తున్నారో తేలిపోతుంది. ఫోన్ చేసి అడిగితే, ‘‘అన్నిచోట్లా మనం అనే పెట్టేయండి మేడమ్, గొడవ ఉండదు’’ అన్నారు. నన్నడిగితే ఈ చర్చలన్నీ ఆ గొడవ రాకుండా చూసుకోవడం మీదే నడుస్తున్నాయి.

(అందులోనే ‘స్టేక్‌హోల్డర్’ని వాటాదారు అనమన్నారు. ఇల్లు మునిగినవాడికి దేంట్లో వాటా?)

1992లో ఐరాస వాతావరణ ఒప్పందం రాసినవాళ్లకు ఈ తేడా బాగానే తెలుసు. బాధ్యత ఉమ్మడిదే, కానీ అందరికీ సమానం కాదని రాసుకున్నారు. హక్కుల దగ్గరికొచ్చేసరికి మళ్లీ మొదటికే వస్తుంది. పసిఫిక్ సముద్రంలో ఉన్న చిన్న దీవుల దేశం కిరిబాటి. సముద్రం పెరిగి అక్కడ బతకడం కష్టమవుతోందని న్యూజిలాండ్ వెళ్లి ఆశ్రయం అడిగిన టెయిటియోటా అనే ఆయన సంగతి చూడండి. 2015లోనే ఆయన్ని వెనక్కి పంపేశారు. వాతావరణ మార్పు వల్ల జీవించే హక్కుకే ముప్పు రావచ్చని ఐరాస మానవ హక్కుల కమిటీ ఒప్పుకుంది గానీ, పంపడం మాత్రం తప్పు కాదంది. ఎందుకయ్యా అంటే, ఆ దీవులు బతకడానికి పనికిరాకుండా పోవడానికి ఇంకా 10 నుంచి 15 ఏళ్లు టైముంది, ఆలోగా కిరిబాటి ప్రభుత్వం అంతర్జాతీయ సమాజం సాయంతో ఏదో ఒకటి చేయవచ్చట. 2020 జనవరిలో బయటికొచ్చిన మాట ఇది. ‘అంతర్జాతీయ సమాజం’ అంటే ‘వుయ్’కి పెద్దన్నే. సాయం అడగాలంటే ఎవరి తలుపు కొట్టాలో చెప్పదు.

బుక్‌లెట్ అచ్చయి వచ్చింది. అన్ని పేజీల్లోనూ ‘మనం’. పదకొండో పేజీలో, దిద్దినవాళ్లు చూడలేదో ఏమో, నేను రాసిన ‘మేము’ ఒక్కటి అలాగే ఉండిపోయింది.