టెక్ సందేహాలు: రెండో కార్డు ఎందుకు కొన్నారు?

ప్రశ్న: బెంగళూరు పీణ్యాలో ఒక సెన్సర్ టెస్టింగ్ యూనిట్‌లో పనిచేస్తున్నాను. 180 డిగ్రీల తేడాతో రెండు 1 కిలోహెర్ట్జ్ సైన్ సిగ్నల్స్ కావాలి. డాక్ కార్డులో (పీసీ నుంచి సిగ్నల్స్ పంపే, కొలిచే కార్డు) ఒక్కో సిగ్నల్‌కి ఒక్కో టాస్క్, అంటే కార్డుకి అప్పగించే పని, పెట్టాను. రెండోది మొదలుపెట్టగానే ‘రిసోర్స్ రిజర్వ్‌డ్’ అని ఎర్రర్ వచ్చింది. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకెళ్లి ఇంకో యూఎస్‌బీ కార్డు తెచ్చాను. ఇప్పుడు ఎర్రర్ లేదు కానీ ఆసిలోస్కోప్‌లో ఒక వేవ్ మెల్లగా జారిపోతోంది. కార్డు నడిపే సాఫ్ట్‌వేర్‌ని ఒక ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు, యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేశాను. సమస్య దాంట్లో ఉందా?

జవాబు: జారుడుకి కారణం అది కాదు. రెండు కార్డుల్లోనూ టైమింగ్ నడిపే క్రిస్టల్ దేనిది దానిదే. వాటి మధ్య 50 పీపీఎం (పది లక్షలకి 50 వంతులు) తేడా ఉందనుకుందాం. 1 కిలోహెర్ట్జ్ దగ్గర అది 0.05 హెర్ట్జ్, అంటే 20 సెకన్లకొకసారి ఫేజ్ పూర్తిగా ఒక చుట్టు తిరిగొస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో 180 అని ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు.

పాత కార్డే చాలు. ఆ ఎర్రర్ రాకుండా ఒకే టాస్క్ పెట్టండి, అందులో రెండు ఛానళ్లు. మొదటి వరసలో సైన్, రెండో వరసలో అదే సైన్‌ని మైనస్ ఒకటితో గుణించి పెట్టండి. సెకనుకి లక్ష శాంపిల్స్ అయితే ఒక సైకిల్‌కి 100 పాయింట్లు. కార్డు మళ్లీ మళ్లీ చదివే శాంపిల్స్ నిల్వ, అంటే బఫర్‌లో సైకిళ్లు పూర్తిగా ఇమడాలి, లేకపోతే అది మొదటికొచ్చిన ప్రతిసారీ వేవ్ తెగుతుంది. స్కోప్‌లో రెండు ఛానళ్లనీ కూడి చూడండి, గీత చదునుగా రావాలి. డీసీ ఆఫ్‌సెట్ కావాలంటే గుణించాక కలపండి. రేపు రంపపు పళ్ల వేవ్ వాడితే జాగ్రత్త: సగం సైకిల్ జరిపినా అది పైకే ఎక్కుతుంది, మైనస్ పెడితేనే కిందికి దిగుతుంది.

ఈ ఎర్రర్ గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఒక నంబరు, రెండు ముక్కలు పడేసి చేతులు దులుపుకోవడం ఈ సాఫ్ట్‌వేర్లకి అలవాటైపోయింది. ‘రెండు ఛానళ్లనీ ఒకే టాస్క్‌లో పెట్టండి’ అని అక్కడే రాస్తే మీ డబ్బు మిగిలేది కదా!

ఇక ఆ పెన్‌డ్రైవ్. నన్ను భయపెట్టింది ఇదే. డాక్ డ్రైవర్ సాధారణంగా కూర్చునేది విండోస్ కెర్నెల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో. ఎవరు కెలికారో తెలియని ఇన్‌స్టాలర్‌కి అడ్మిన్ హక్కులిచ్చి, పైగా కాపలావాడిని ఇంటికి పంపేశారు. ఆ పీసీ ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉంటే కస్టమర్ల డ్రాయింగులు, టెస్ట్ రిపోర్టులు అన్నీ దానికి అందుబాటులో ఉన్నట్టే. ఇంత అవసరమే లేదు. చాలా కార్డులకి డ్రైవర్, పైథాన్ లైబ్రరీ తయారీదారు సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. మీ పనికి ఇరవై లైన్ల కోడ్ సరిపోతుంది.

ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. మీ ఐటీ వాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పండి, దాచొద్దు. యాంటీవైరస్ స్కాన్‌లో ఏమీ రాలేదని ఊరుకోకుండా డిస్క్ చెరిపి విండోస్ కొత్తగా వేయించండి. పెన్‌డ్రైవ్ ఇంకెక్కడా పెట్టకండి. పాస్‌వర్డ్‌లు మార్చేది మాత్రం ఆ పీసీ మీద కాదు, వేరే మెషిన్ మీద.