సమాధానం: పొగాకు అప్పులు, నిద్ర లేదు, దేవుడు వింటున్నాడా?

తమ్ముడూ, టంగుటూరు పొగాకు వేలంలో రేటు పడిపోయి, అప్పులవాళ్లు ఇంటి మీదికొస్తుంటే ప్రార్థన చేసినా టెన్షన్ తగ్గట్లేదన్నావు. అది విశ్వాసం తగ్గినట్టు కాదయ్యా. బైబిల్లో 46వ కీర్తన చదువు. కష్టం రాదని ఎక్కడా అనదు. కొండలు సముద్రంలో మునిగినా భయపడబోమంటుంది.

మన ఒంగోలునే చూడు. 1876-78 కరువులో ఇక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ప్రార్థనతోనే ఆగలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు. దేవుణ్ణి ఆశ్రయించడమంటే తలుపేసుకుని కూర్చోవడం కాదు.

ఈ రాత్రి ఆ కీర్తన మరదలితో కలిసి పైకి చదవండి. రేపు పాస్టరుగారిని వెంటబెట్టుకెళ్లి అప్పిచ్చినవాళ్లను గడువు అడుగు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. మీ ఇద్దరి కోసం ప్రార్థిస్తున్నాను.