తోట ముచ్చట్లు: చామంతికి చీకటి కావాలి

వానలు వెనకబట్టి, చలి ఇంకా ముదరని ఈ శరత్కాలంలో నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఒకటే అడుగుతాయి: ‘ఇప్పుడు మొక్కకు ఏం వేయాలి?’ చాలామందికి నేనిచ్చే జవాబు ‘ఏమీ వేయకండి’ అనే. వానాకాలమంతా ఏపుగా పెరిగిన మొక్కల్లో చాలావాటికి ఇది కాస్త ఆగి, పూతకు సిద్ధమయ్యే కాలం. మనం ప్రేమకొద్దీ పోసే నీళ్లూ ఎరువూ వాటిని మళ్లీ ఆకుల వైపు మళ్లిస్తాయి. అన్నీ అలా ఉండవు లెండి, దానిమ్మ సంగతి వేరు. ఒక్కొక్కటే చూద్దాం.

ప్రశ్న: ప్రహరీ పక్కన కొన్ని, మెట్ల పక్కన కొన్ని చామంతి కుండీలు పెట్టాను. ప్రహరీ పక్కనవి మొగ్గ తొడిగాయి. మెట్ల పక్కనవి పచ్చగా, గుబురుగా ఉన్నాయి కానీ ఒక్క మొగ్గా లేదు. అన్నిటికీ ఒకే మట్టి, ఒకే ఎరువు. ఇంకాస్త ఎరువు వేయమంటారా మేడమ్?

వేయకండి. ముందు మెట్ల దగ్గర రాత్రంతా లైటు వెలుగుతుందేమో చూడండి. నా అనుమానమంతా దాని మీదే.

చామంతి మొగ్గ వేయాలంటే పొడవైన, ఎడతెగని చీకటి కావాలి. పగలు కురచై రాత్రి పెరిగాకే దానికి పూతకాలం. మొక్కలు ఇలా పగలూ రాత్రీ నిడివిని బట్టి పూస్తాయని గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1920లో ప్రకటించారు. వాళ్లు చూసింది పొగాకు, సోయా చిక్కుడు మొక్కల్ని. చామంతిదీ అదే దారి. అర్ధరాత్రి కాసేపు లైటు వెలిగినా మొక్కకు ఆ రాత్రి రాత్రి కింద లెక్కకు రాదు. పూల వ్యాపారం కోసం చామంతి పెంచేవాళ్లు పూత ఆలస్యం కావాలంటే కావాలనే రాత్రిపూట తోటలో దీపాలు పెడతారు. మీ మెట్ల లైటు తెలియకుండా అదే పని చేస్తోంది.

మా ఇంట్లో వీధి దీపం వెలుతురు గోడ దాటి పడే మూల ఒకటుంది. అక్కడి కుండీలో వెలుతురు వైపు కొమ్మలు ఒట్టి ఆకులతో నిలబడితే, గోడ నీడలో ఉన్న కొమ్మలు చివర్ల బఠాణీ గింజంత మొగ్గలు వేశాయి. ఒకే మొక్క, ఒకే వేరు. అది చూశాక చామంతికి ఎరువు సంగతి అడిగిన ప్రతివాళ్లనూ ముందు లైటు గురించే అడుగుతున్నాను.

కుండీలను చీకటి ఉండే చోటుకు మార్చండి. మార్చలేకపోతే సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె బోర్లించి, ఉదయం ఎనిమిదింటికి తీయండి. మొగ్గలు గట్టిగా కనబడేదాకా రోజూ చేయాలి, మధ్యలో మానకూడదు. చీకటి సరిగా అందడం మొదలయ్యాక పువ్వు విచ్చడానికి రకాన్ని బట్టి ఏడు నుంచి పది వారాలు పడుతుంది. ఇక తలలు తుంచడం ఆపేయండి. వానాకాలంలో తుంచితే గుబురు వస్తుంది, ఇప్పుడు తుంచితే పోయేది మొగ్గలే.

ప్రశ్న: మా అంటు మామిడికి ఎనిమిదేళ్లు. పోయినేడు పూత చాలా పలచగా వచ్చింది. ఇప్పటినుంచే బాగా నీళ్లు పెట్టి, కొమ్మలు కత్తిరించి, యూరియా వేస్తే ఈసారి బాగా పూస్తుందా?

మీరు రాసిన మూడు పనులూ ఇప్పుడు చేయకూడనివే. మామిడి పూసేది కొమ్మల చివర్ల, అదీ బాగా ముదిరిన రెమ్మలకు. ఇప్పుడు చివర్లు కత్తిరిస్తే రాబోయే పూతను కత్తిరించినట్టే. నీళ్లూ యూరియా పడితే చెట్టు రాగి రంగు లేత చిగురు వేస్తుంది. ఆ చిగురు పూతవేళకు ముదరదు. కత్తిరింపు, బలమైన ఎరువు కాయ కోసిన వెంటనే, వానలతో పాటు అయిపోవాలి.

ఎదిగిన చెట్టుకు పూతకు ముందు రెండు మూడు నెలలు నీళ్లు మానేయండి. పాదులో నేల పైపైన ఎండినా కంగారు పడకండి, లోతు వేళ్లు వాటి తిప్పలు అవి పడతాయి. ఈ ఎండకూ రాత్రి చలికే చెట్టు పూతకు వస్తుంది. పిందెలు బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ నీళ్లు మొదలుపెట్టండి. మూడేళ్లలోపు చిన్న మొక్కలకు మాత్రం ఇది వర్తించదు, వాటిని ఎండబెట్టొద్దు.

ప్రశ్న: జామకాయలు పైకి బంగారంలా ఉంటున్నాయి, కోస్తే లోపల పురుగులు. మందు ఏది కొట్టాలి అక్కా?

పురుగు కాయ లోపలికి చేరాక ఏ మందు కొట్టినా మీరు తినే కాయ బాగుపడదు. ఇది పండు ఈగ పని. కాయ రంగు తిరిగే వేళ తొక్కలో సూదితో గుచ్చినట్టు పొడిచి గుడ్లు పెడుతుంది. ఒక కాయను వెలుతురులో తిప్పి చూడండి, చిన్న నల్లటి చుక్క, దాని చుట్టూ కాస్త మెత్తబడిన చర్మం కనిపిస్తాయి. పిల్ల పురుగులు గుజ్జు తిని, కాయ రాలాక బయటికొచ్చి మట్టిలో దూరి, ఈగగా మారే ముందు కోశంలో ఉండే దశకు (కోశస్థ దశ) వెళతాయి. అక్కడినుంచే మళ్లీ ఈగలు లేస్తాయి.

అందుకే అసలు పని చెట్టు కింద ఉంది. రాలిన కాయల్ని రోజూ ఏరండి. ఏరి చెత్తకుప్ప మీద వేస్తే ఏరనట్టే. అడుగున్నర, రెండు అడుగుల లోతున పాతిపెట్టండి, లేదా ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూతి కట్టి వారం రోజులు ఎండలో పడేయండి. పాదులో పైమట్టిని గుల్ల చేస్తే కోశాలు ఎండకు, పక్షులకు బయటపడతాయి. చెట్టు మీద ఉన్నవాటిలో నిమ్మకాయంత అయిన ప్రతి కాయకూ కాగితం సంచో పలచటి గుడ్డ సంచో తొడిగి కాడ దగ్గర కట్టండి. ఓపిక కావాలి, నిజమే. కానీ ఇంటి చెట్టుకు ఇంతకంటే నమ్మకమైన ఉపాయం లేదు. ఈగల్ని వాసనతో రప్పించే మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు కూడా కట్టుకోవచ్చు. వాటిలో పడేవి మగ ఈగలు మాత్రమే కనుక సంచులు మానేసి ఎర మీదే ఆధారపడకండి.

ప్రశ్న: గులాబీ మొక్కలు ఇప్పుడు కత్తిరించవచ్చా? ఒక మొక్కకు అడుగునుంచి పొడవాటి కొమ్మ వచ్చింది, పువ్వే లేదు.

వానలు ఆగిపోయాయంటే కత్తిరించండి, ఇదే అదను. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు ముందు తీసేసి, మిగిలినవాటిని బయటివైపు చూసే కన్నుకు అర సెంటీమీటరు పైన ఏటవాలుగా కోయండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పూలొస్తాయి. నీళ్లు గడ్డకట్టేంత చలి పడే చోట ఉన్నవాళ్లు మాత్రం ఇప్పుడు కత్తెర ముట్టుకోవద్దు. లేత చిగురు చలికి మాడిపోతుంది, చలి వెళ్లాకే కోయాలి.

ఆ పొడవాటి కొమ్మ అంటు కట్టిన ముడికి పైనుంచి వచ్చిందా, కిందనుంచా అన్నది మట్టి తొలగించి చూడండి. ఆకుల్ని లెక్కపెట్టి తేల్చమని కొందరు చెబుతారు, దాన్ని నేను నమ్మను. ముడికి కిందనుంచి వస్తే అది మీ గులాబీది కాదు, అంటు కట్టడానికి అడుగున వాడిన మొక్కది. మొదలంటా పట్టి కిందికి లాగి పీకేయండి. కత్తిరిస్తే మళ్లీ మొలుస్తుంది.

ప్రశ్న: దానిమ్మ కాయలు పండబోయే ముందు పగిలిపోతున్నాయి.

వీలున్నప్పుడు బకెట్లకొద్దీ, లేనప్పుడు చుక్కైనా లేకుండా నీళ్లు పోస్తున్నట్టున్నారు. నేల ఎండినప్పుడు తొక్క గట్టిపడుతుంది. ఒక్కసారిగా నీళ్లు అందితే లోపలి గింజలు ఉబ్బుతాయి, తొక్క సాగలేక పగులుతుంది. అందుకే ఈ చెట్టుకు కాయ ఉన్నన్నాళ్లూ నీళ్లు ఆపకండి. కొద్దికొద్దిగా, ఒకే లెక్కన పోయండి, పాదులో ఎండు గడ్డి మందంగా పరవండి. పిందె దశలోనే పగులుతుంటే బోరాన్ లోపం కూడా కావచ్చు. పగిలిన కాయను చెట్టు మీద ఉంచకుండా కోసేయండి.

ప్రశ్న: నిమ్మ ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి.

ఏ ఆకులో రాయలేదు. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం, ముదురు ఆకులైతే నత్రజనో మెగ్నీషియమో తక్కువై ఉంటుంది. వానల తర్వాత గనుక అంతకంటే ముందు పాదులో నీళ్లు నిలుస్తున్నాయేమో చూడండి. వేళ్లు నానిపోతే మీరు ఏ పోషకం వేసినా చెట్టు తీసుకోలేదు.

ప్రశ్న: రాలిన ఆకులు రోజూ ఊడ్చి తగలబెట్టాల్సి వస్తోంది. వేరే దారి ఉందా?

దయచేసి తగలబెట్టకండి. కన్నాలు పెట్టిన సంచిలో కాస్త తడిపి కుక్కి, ఒక మూల పడేయండి. ఎప్పుడైనా మరీ పొడిగా అనిపిస్తే నీళ్లు చల్లండి. ఆరు నెలల నుంచి ఏడాదిలో నల్లటి ఆకు మట్టి తయారవుతుంది, కుండీల మట్టిలో కలిపితే తేమ పట్టి ఉంచుతుంది. నల్లమచ్చ తెగులు తగిలిన గులాబీ ఆకుల్ని మాత్రం అందులో వేయకండి. వాటిని వేరే సంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చేయండి.