నానమ్మ దగ్గరున్న పిల్లలు, బాబాయి చూపు పడిన పొలం

ప్రశ్న: మా ఊళ్లో 11, 8 ఏళ్ల అక్కాతమ్ముళ్లు నానమ్మ దగ్గర పెరుగుతున్నారు. తండ్రి రెండేళ్ల కిందట, తల్లి మొన్న వేసవిలో పోయారు. తండ్రి కొనుక్కున్న రెండెకరాలున్నాయి. దత్తత తీసుకున్నట్టు స్టాంపు కాగితం రాయించుకుని పొలం అమ్ముతానని బాబాయి అంటున్నాడు. పెద్దమనుషులు సరేనన్నారు. పిల్లల్ని హాస్టల్‌కు పంపాల్సిందేనా? ఊరివాళ్లం ఏం చేయగలం?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఆ కాగితం చెల్లదు. తల్లిదండ్రులిద్దరూ లేని హిందూ పిల్లల్ని దత్తత ఇవ్వాలంటే సంరక్షకులు ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. పెద్దమనుషుల సంతకాలు ఎన్నున్నా దానికి సాటిరావు.

పొలం లెక్క చూద్దాం. వీలునామా లేకపోతే తండ్రి వాటా ఆయన తల్లికి, భార్యకు, ఇద్దరు పిల్లలకు సమానంగా, అంటే తలా 20 గుంటలు (ఎకరాకు 40 గుంటలు). తల్లి వాటా మళ్లీ పిల్లలకే. కాబట్టి నానమ్మకు 20, పిల్లలకు చెరి 30 గుంటలు. బాబాయికి ఏమీ లేదు. విరాసత్‌లో (వారసుల పేర పట్టా మార్పిడిలో) పిల్లల పేర్లు పడేలా తహసీల్దారుకు దరఖాస్తు, అమ్మకంపై రాతపూర్వక అభ్యంతరం వెంటనే ఇప్పించండి. నానమ్మ పెంచుతున్నా చట్టం దృష్టిలో సహజ సంరక్షకురాలు కాదు. పిల్లల వాటా ఆమె కూడా అమ్మలేదు. జిల్లా కోర్టులో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ఆమెను గార్డియన్‌గా నియమించమని పిటిషన్ వేయండి. ఆ తర్వాత కూడా అమ్మాలన్నా, ఐదేళ్లు మించి కౌలుకివ్వాలన్నా కోర్టు అనుమతి ఉండాలి. ఏడాదికోసారి కౌలుకిచ్చి ఆ డబ్బు పిల్లలకు వాడటమే మేలు. వకీలు ఖర్చు గురించి భయపడొద్దు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ 15100.

హాస్టల్ తప్పనిసరి కాదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం. ఆదరించే నానమ్మ ఉండగా అక్కడిదాకా వెళ్లనక్కర్లేదు. ఊరి బాలల పరిరక్షణ కమిటీ ద్వారానో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసో జిల్లా బాలల సంరక్షణ విభాగానికి విషయం చేర్చండి. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్యలోని స్పాన్సర్‌షిప్ (నెలవారీ ఆర్థికసాయం) కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు వస్తాయి. పల్లెల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 దాటకూడదు. మంజూరు చేసేది కలెక్టర్ నేతృత్వంలోని కమిటీ. బడి మానిపిస్తే సాయానికి ఎసరొస్తుంది.

చాలా దరఖాస్తులు ఆగేది మరణ ధ్రువపత్రం దగ్గర. ఇంట్లో పోయినవాళ్ల పేర్లు చాలాసార్లు పంచాయతీ రిజిస్టరులో ఎక్కవు. ఏడాది దాటితే పంచాయతీ కార్యదర్శి ఒక్కరే నమోదు చేయలేరు, ఆర్డీవో లాంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. తండ్రి మరణం నమోదైందో లేదో రేపే చూడండి. తల్లిది ఇంకా ఏడాదిలోపే ఉంటే ఆలస్యం చేయొద్దు. దీంతోపాటు పిల్లల ఆధార్, బ్యాంకు ఖాతా, బడి బోనఫైడ్ (అక్కడ చదువుతున్నట్టు ధ్రువపత్రం), ఆదాయ పత్రం సిద్ధం చేయండి. బాబాయి ఆ కాగితం చూపించి పిల్లల్ని తీసుకెళ్లే ప్రయత్నం చేస్తే అదే రోజు పిల్లల్ని బాలల సంక్షేమ సమితి (ఆదరణ, రక్షణ కావాల్సిన పిల్లల విషయాలు తేల్చే జిల్లా సమితి) ముందుకు తీసుకెళ్లండి.